మూగబోయిన మీట – మన కర్తవ్యము

కళాశాల వార్షిక సంచికలో తెలుగు బోధించువారు కంప్యూటరు మీటలను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అది కంప్యూటరు శాఖవారి పని గదా అని అడుగవచ్చును. అట్లు అడుగువారికి మేము చెప్పునది ఒక్కటే. లాప్‌టాప్‌లో ఒక మీట పని చేయకపోవుట చాలా సందర్భములలో వస్తువు చెడిపోయిన సమస్య కాదు. భాష కుదరని సమస్య. మీట ఒక సంకేతమును పలుకుచున్నది. వినవలసిన యంత్రాంగమునకు ఆ సంకేతము తెలియదు. నడుమ ఉండవలసిన దుభాషి లేడు. రెండు భాషలలో వెలువడు ఈ సంచికలో దుభాషి లేమిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట అప్రస్తుతము కాదని భావించుచున్నాము.

విషయమునకు వచ్చెదము. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించినది. తరువాతిదైన విండోస్ 11 నడువవలెనన్నచో టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరు అయినచో సాధారణముగా ఎనిమిదవ తరము లేక ఆ తరువాతిది కావలెను. ఈ నియమము వలన తెర చక్కగా వెలుగుచున్న యంత్రములు, కీబోర్డు చెక్కుచెదరని యంత్రములు కూడ పనికిరాని వాటి జాబితాలో చేరుచున్నవి. మన కంప్యూటరు గదిలోని పాత లాప్‌టాప్‌లు అట్టివే. ఎమ్మిగనూరు మగ్గపు ఇండ్ల నుండి, ఆదోని మార్కెట్ యార్డు హమాలీల ఇండ్ల నుండి వచ్చు మన విద్యార్థులు సెకండ్ హ్యాండులో కొనుక్కొన్నవి కూడ అట్టివే. వీటికి మిగిలియున్న మంచి దారి డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టం. దానికి వెల లేదు. దాని మూలము అందరికిని తెరచియున్నది. పాత యంత్రముపైనను అది నడుచును.

ఆ దారి పట్టిన విద్యార్థులు కొందరు కలరు. వారు మా వద్దకు వచ్చి చెప్పు మాట తరచుగా ఒకటే: "అంతా బాగానే ఉంది సార్, గాని ఎఫ్ మీటలు పని చేయడం లేదు." కీబోర్డు పై వరుసలో ఎఫ్1 మొదలు ఎఫ్12 వరకు గల మీటలపై చిన్న బొమ్మలు ముద్రించియుండును. ఒకటి తెర కాంతిని పెంచును, ఒకటి తగ్గించును, ఒకటి ధ్వనిని ఆపును, ఒకటి వైఫైని కట్టివేయును. ఇవి పలుకకపోయిన మాత్రముననే "లినక్స్ ఈ లాప్‌టాప్‌కు పడదు" అను తీర్పు వెలువడును. యంత్రము తిరిగి బీరువాలోనికి పోవును. ఈ తీర్పు విచారణ లేకుండ ఇచ్చిన తీర్పు. విచారణ ఎట్లుండవలెనో చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మీటను నొక్కినంతనే తెర కాంతి పెరుగుట మనకు ఒకే క్షణములో జరిగిన ఒకే పనివలె కనబడును. నిజమునకు ఆ వార్త మూడు మజిలీలు దాటవలెను. (మజిలీ అను మాట కూడ ఉర్దూ మంజిల్ నుండి మన తెలుగులో స్థిరపడినదే.) మొదటి మజిలీ కీబోర్డు. అందులోని చిన్న నియంత్రకము ఏ మీట నొక్కబడినదో తెలుపు ఒక అంకెను పంపును. దానిని స్కాన్ కోడ్ అందురు. రెండవ మజిలీ కెర్నెల్, అనగా ఆపరేటింగ్ సిస్టమునకు గర్భగృహము వంటి భాగము. అది ఆ అంకెను తన పట్టికలో వెదకి, ఇది కాంతిని పెంచు మీట అని దానికి గుర్తింపు ఇచ్చును. ఇది కీ కోడ్. మూడవ మజిలీ డెస్క్‌టాప్. ఆ గుర్తింపును విని, చేయవలసిన పనిని చేయించునది అదియే.

మన రెండు భాషల నుండియే ఒక ఉదాహరణము చూడుడు. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగును ఎంచుకొని ఇంగ్లీషు 'కె' మీటను నొక్కినచో 'క' వచ్చును. ఉర్దూ ఫొనెటిక్ పద్ధతిని ఎంచుకొని అదే మీటను నొక్కినచో 'కాఫ్' వచ్చును. మీట మారలేదు. మొదటి రెండు మజిలీలలోని అంకెలు మారలేదు. చివరి మజిలీలోని పట్టిక మాత్రమే మారినది. ఈ సంగతి గ్రహించిన విద్యార్థికి ఎఫ్ మీటల చిక్కు సగము విడిపోయినట్లే.

మిగిలిన సగము ఇది. అక్షరముల మీటలన్నియు ఒకే బాటలో నడుచును. ప్రత్యేక మీటలకు అట్టి ఏకరీతి లేదు. కొన్ని అక్షరముల బాటలోనే వచ్చును. కొన్ని ఎ.సి.పి.ఐ. అను బాటలో వచ్చును. ఇది ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి 1996 డిసెంబరులో ప్రకటించిన ప్రమాణము. మరికొన్ని డబ్ల్యు.ఎం.ఐ. అను పక్కదారిలో కంపెనీ తన ఇష్టము వచ్చినట్లు ఏర్పరచుకొన్న సంకేతములతో వచ్చును. ఆదోని పత్తి మార్కెట్టులో కన్నడము మాట్లాడు రైతు, ఉర్దూ మాట్లాడు వ్యాపారి, తెలుగున లెక్క వ్రాయు గుమాస్తా ఒక్కచోట బేరము ముగించుకొనుట మనము చూచునదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను విడిచి వచ్చిన ప్రాంతము మనది. ముగ్గురి మాటయు తెలిసిన మనిషి నడుమ నుండుట మనకు అలవాటు. యంత్రములో అట్టి మనిషి చేయు పనిని డ్రైవర్ అను చిన్న ప్రోగ్రాము చేయును. విండోస్‌తో అమ్మునప్పుడు కంపెనీవారే ఆ దుభాషిని యంత్రములో పెట్టి పంపుదురు. లినక్స్‌కు అనేక కంపెనీలు అట్లు పంపలేదు. మూగతనమునకు కారణము ఇదియే గాని లినక్స్ చేతకానితనము కాదు.

కంపెనీలు పంపనిచోట వాడుకరులే దుభాషులైనారు. థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌ల ప్రత్యేక మీటలకు లినక్స్‌లో ఉన్న డ్రైవరును 2004లో బోరిస్లావ్ దేయనోవ్ అనునతడు మొదలుపెట్టగా, 2006 నుండి హెన్రిక్ ది మొరాయిస్ హోల్షూ అనునతడు దానిని పెంచి పోషించినాడు. తరువాతి కాలమున ఆ యంత్రములను తయారుచేయు లెనోవో సంస్థ ఇంజనీర్లు కూడ దానికి తోడ్పడినారు. ఇట్లే ఆసుస్, హెచ్.పి., డెల్, ఏసర్, తోషిబా యంత్రములకు వేర్వేరు డ్రైవర్లు కెర్నెల్‌లో చేరినవి.

అసలు ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమము పుట్టుకలోనే ఇట్టి తగవు ఒకటి కలదు. అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ పని చేయుచుండెడివాడు. అక్కడి పాత ప్రింటరులో కాగితము ఇరుక్కొన్నప్పుడు, దానికై ఎదురుచూచువారికి వార్త అందునట్లు అతడు ప్రోగ్రామును మార్చియుండెను. 1980 ప్రాంతమున జిరాక్స్ వారి కొత్త లేజర్ ప్రింటరు వచ్చినది. దాని ప్రోగ్రాము మూలము వారికి ఇయ్యలేదు. మూలము ఉన్న మరొక విశ్వవిద్యాలయము వ్యక్తిని అడుగగా, ఇతరులకు ఇయ్యనని మాట ఇచ్చితినని అతడు నిరాకరించినాడు. కాగితము ఇరుక్కొనుచునే ఉన్నది. బాగుచేయు నేర్పు గలవాడు చేతులు కట్టుకొని చూడవలసి వచ్చినది. అతడే 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించినాడు. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన కెర్నెల్ దానికి జత కలిసినది. కనుక లినక్స్‌లో ఒక మీట పలుకనప్పుడు మనము ఆ స్టాల్‌మన్ స్థితిలో లేము. మూలము మన యెదుట ఉన్నది. చూచుటకు మనము సిద్ధముగా ఉన్నామా అనునదే ప్రశ్న.

ఇక విచారణ క్రమమును చెప్పెదము. దీనికి గొప్ప పాండిత్యము అక్కరలేదు. ఓపిక, ఒక నోటు పుస్తకము చాలును.

మొట్టమొదట తేలిక కారణములను తోసివేయవలెను. అనేక లాప్‌టాప్‌లలో ఎఫ్.ఎన్. అను మీటను, ఎస్కేప్ మీటను కలిపి నొక్కినచో పై వరుస మీటల స్వభావము తారుమారగును. కొన్నింటిలో ఈ ఏర్పాటు బయోస్ అమరికలలో ఉండును. దీనిని చూడకుండ డ్రైవరును నిందించుట, స్విచ్చి వేయకుండ బల్బు మార్చుట వంటిది.

తరువాత మొదటి మజిలీని విచారింపవలెను. ఈవీ-టెస్ట్ అను చిన్న ప్రోగ్రాము కలదు. నిర్వాహకుని అధికారముతో దానిని నడిపినచో యంత్రములోని మీటల మార్గములన్నింటిని వరుసగా చూపును. సాధారణ కీబోర్డు ఒకటి, వీడియో బస్ ఒకటి, ఆయా కంపెనీ డబ్ల్యు.ఎం.ఐ. మీటల మార్గము ఒకటి అందులో కనబడవచ్చును. ఒక్కొక్క మార్గమును ఎంచుకొని మూగ మీటను నొక్కి చూడవలెను. ఒక్క మార్గములో చూచి లేదని విడిచిపెట్టరాదు. పక్కదారిలో ఆ మీట పలుకుచుండవచ్చును.

ఎక్కడను కనబడకపోయినచో రెండవ మజిలీకి పోయి కెర్నెల్ దినచర్యను చదువవలెను. డి, ఎం, ఇ, ఎస్, జి అను అయిదు అక్షరముల ఆజ్ఞ ఆ దినచర్యను తెరపై పరచును. మీటను నొక్కి వెంటనే చూచినచో, కొన్ని యంత్రములలో, తెలియని మీట ఒకటి నొక్కబడినదను వాక్యము, దాని స్కాన్ కోడ్ అందు కనబడును. దాని క్రిందనే, ఆ మీటను తెలిసినదానినిగా చేయుటకు ఏ ఆజ్ఞ వాడవలెనో కూడ యంత్రమే వ్రాసియుంచును. విద్యార్థులారా, ఈ వాక్యమును ఒకసారి మీ కన్నులతో చదువుడు. మూగదని మనము అనుకొన్న మీట పలుకుచునే యున్నది. తనకు ఆ మాట తెలియదని కెర్నెల్ ఒప్పుకొనుచున్నది. ఎట్లు నేర్పవలెనో కూడ తానే చెప్పుచున్నది. బోధన వృత్తిలో ఉన్న మాకు ఇంతకంటె మంచి శిష్యుడు ఎక్కడ దొరకును?

నేర్పుట కష్టము కాదు. స్కాన్ కోడ్‌లకు అర్థములు చెప్పు నిఘంటువు ఒకటి, హెచ్.డబ్ల్యు.డి.బి. అను పేరుతో, లినక్స్‌లో ఉన్నది. అందులో యంత్రము తయారీదారు పేరు, మోడలు పేరు ఒక పంక్తిగాను, ఈ అంకె ఈ మీట అని దాని క్రింద మరొక పంక్తిగాను వ్రాసి, రెండు ఆజ్ఞలతో నిఘంటువును తాజా చేసినచో సరిపోవును. గత సంవత్సరము ఒక విద్యార్థిని తెచ్చిన లాప్‌టాప్‌లో మైకును ఆపు మీటకు ఇట్లే రెండు పంక్తులు సరిపోయినవి. అంతకుముందు ఒక దుకాణమున ఆమెకు కీబోర్డు మార్చవలెనని చెప్పియుండిరి.

ఈవీ-టెస్ట్‌లో మీట తన సరియైన పేరుతోనే కనబడియు పని జరుగనిచో, దోషము మూడవ మజిలీలో ఉన్నది. ఇక్కడ రెండు ఫిర్యాదులు ముఖ్యము. ఒకటి తెర కాంతి. కెర్నెల్ బ్యాక్‌లైట్ అను సంచయములో తెరను అదుపు చేయు మార్గములను ఉంచును. కొన్ని యంత్రములలో తప్పు మార్గము ముందునకు వచ్చును. యంత్రము ప్రారంభమగునప్పుడు గ్రబ్ పట్టికలో 'ఇ' నొక్కి, ఎ.సి.పి.ఐ. బ్యాక్‌లైట్ అను అంశమునకు నేటివ్ అనియో, వెండర్ అనియో, వీడియో అనియో వ్రాసి ఒక్కొక్కటిగా పరీక్షింపవచ్చును. ఇట్లు వ్రాసినది మరల ప్రారంభించినంతనే చెరిగిపోవును గనుక భయము లేదు. రెండవ ఫిర్యాదు వైఫై. ఆర్.ఎఫ్.-కిల్ అను ఆజ్ఞ ఇచ్చినచో, వైఫై మెత్తని కట్టుబాటులో ఉన్నదో గట్టి కట్టుబాటులో ఉన్నదో అది చెప్పును. మెత్తనిదానిని అదే ఆజ్ఞతో విప్పవచ్చును. గట్టిదానిని ఆ ఆజ్ఞ విప్పలేదు. లాప్‌టాప్ అంచున గల స్విచ్చిని గాని, ఆ కట్టుబాటును తెలుపు డ్రైవరును గాని చూడవలెను.

ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. చేసినది వ్రాసుకొనవలెను. అర్థము తెలియని ఆజ్ఞను ఎవరో చెప్పినారని నిర్వాహకుని అధికారముతో నడుపరాదు.

అన్ని మీటలకును మాట వచ్చునని మేము ఆశ పెట్టము. ఎఫ్.ఎన్. మీట అనేక యంత్రములలో ఆపరేటింగ్ సిస్టమునకు కనబడనే కనబడదు. దానిని లోపలి నియంత్రకమే మ్రింగివేయును. కొన్ని కంపెనీల సంకేతములను ఇంతవరకు ఎవరును ఛేదింపలేదు. అట్టిచోట డెస్క్‌టాప్ అమరికలలో మరొక మీటల జతకు ఆ పనిని అప్పగింపవచ్చును. ఒక మీట పోయినంత మాత్రమున ఇల్లు విడిచిపోవలసిన పని లేదు.

ఎమ్మిగనూరు విద్యార్థులకు ఇది క్రొత్త నీతి కాదు. పోగు తెగినప్పుడు నేతవాడు మగ్గమును అటక ఎక్కింపడు. ఎక్కడ తెగినదో వెదకును, ముడి వేయును, నాడె విసరును. జకార్డు అట్టలో ఒక రంధ్రము తప్పుగా పడి పువ్వు చెడినచో ఆ అట్టను వెదకి మార్చును. మగ్గము అతనికి తెరచిన పుస్తకము. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో నేతవారి సహకార సంఘమును నెలకొల్పినప్పుడు ఒంటరిగా నిలువలేని నేర్పులను ఒక చోట చేర్చినారు. ఇంతకుముందు చెప్పిన నిఘంటువు కూడ అట్టిదే. మన విద్యార్థి వ్రాసిన రెండు పంక్తులను దానిని నిర్వహించువారికి పంపి, వారు పరిశీలించి చేర్చుకొన్నచో, ఆ మోడలు లాప్‌టాప్ ఏ దేశములో ఎవరి వద్ద ఉన్నను తరువాతి నవీకరణలో దాని మీట పలుకును. ఆదోనిలో వ్రాసిన పంక్తి అంత దూరము పోగలదు.

కార్యవర్గ సభ్యులు కొందరు రెండు సందేహములు వెలిబుచ్చగలరు. ఉద్యోగములు ఇచ్చువారు విండోస్ అడుగుదురు గదా అనునది మొదటిది. విండోస్ నేర్పవద్దని మేము అనుట లేదు. కాని మన అందరి జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచపు సర్వర్లలో అధికభాగము దానిపైననే నడుచుచున్నవి. దోషమును మజిలీ వెంట మజిలీగా వెదకి పట్టుకొను అలవాటు ఏ సిస్టములోనైనను పనికివచ్చును. ఇది చిన్న ఊరి కళాశాలకు సాధ్యమా అనునది రెండవది. కేరళ రాష్ట్రములో 2001లో ఆరంభమైన ఐటి@స్కూల్ పథకము, 2017 నుండి కైట్ అను సంస్థగా, ప్రభుత్వ పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే నడిపించుచున్నది. అక్కడ బడిపంతుళ్ళే శిక్షణ పొంది ఈ భారమును మోసినారు. మన తెలుగు నేలపైననే హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ సంస్థవారు లినక్స్‌ను తెలుగులోనికి తెచ్చుటకు శ్రమించినారు. బడులకు సాధ్యమైనది కళాశాలకు కాకపోవునా?

కనుక కార్యవర్గమువారికి మా విన్నపములు మూడు. పాత లాప్‌టాప్‌లలో ఏ ఒక్కదానిని తీసివేయుటకు ముందుగాని, దానిని పెన్ డ్రైవుపై నున్న లినక్స్‌తో ప్రారంభించి పరీక్షింపవలెను. డిస్కును ముట్టకుండనే మీటలన్నింటిని నొక్కి చూడవచ్చును. దీనికి అగు ఖర్చు ఒక పెన్ డ్రైవు. రెండవది, కొత్త యంత్రములు కొనునప్పుడు ఇదే పరీక్షను దుకాణములోనే చేయనిచ్చు వ్యాపారి వద్దనే కొనవలెను. మూడవది, కంప్యూటరు గదిలో మీటల రిజిస్టరు ఒకటి తెరువవలెను. యంత్రము మోడలు, మూగ మీట, ఏ మజిలీలో ఆగినది, ఏమి చేయగా పలికినది, పలుకనిచో ఏ మీటకు ఆ పని అప్పగించినది, ఇవన్నియు ఎడమ పుటలో తెలుగునను, కుడి పుటలో ఉర్దూనను వ్రాయవలెను. రెండు విభాగముల నుండి ఇద్దరిద్దరు విద్యార్థులు సంవత్సరమునకు ఒకసారి ఆ బాధ్యతను స్వీకరింపవలెను. స్కాన్ కోడ్‌కు, కెర్నెల్‌కు తగిన మాటలు ఇరుభాషలలోను వెదకు పనిలో వారికి తోడుండుటకు మేము సిద్ధముగా ఉన్నాము.

విద్యార్థులకు చెప్పవలసినది మరొకటి కలదు. మీ లాప్‌టాప్ పాతదని సిగ్గుపడకుడు. దానిలో ఒక మీట పలుకనప్పుడు దానిని పట్టుకొని ఆ గదికి రండు. రాబోవు సంవత్సరపు సంచికలో ఆ రిజిస్టరు నుండి కొన్ని పుటలను, వ్రాసిన విద్యార్థుల పేర్లతో, ప్రకటించు అవకాశము మాకు లభింపగలదని ఆశించుచున్నాము.